పునరుక్తిని కొట్టివేసే కలం

తెలుగు సాహిత్య వ్యవహారంలో 'పునరుక్తి' అన్న మాట ఒంటరిగా కనిపించడం అరుదు. 'దోషం' అన్న మాట దానిని వెన్నంటే ఉంటుంది. వ్యాసం దిద్దే ఉపాధ్యాయుడు, వ్రాతప్రతిని పరిష్కరించే సంపాదకుడు, జానపద గాథను అచ్చుకు సిద్ధం చేసే సంకలనకర్త, అనువాదాన్ని సరిచూసే పరిశీలకుడు - వీరందరూ ఒకే మాట రెండవసారి కంటబడగానే కలం ఎత్తుతారు. అది రెండవసారి ఎందుకు వచ్చిందని విచారించేవారు తక్కువ. శాస్త్రం దానిని దోషాల పట్టికలో చేర్చింది కనుక తొలగించడమే భాషాసేవ అని వీరి విశ్వాసం. ఈ విశ్వాసానికి శాస్త్రంలో ఉన్న ఆధారం సగమే. మిగిలిన సగాన్ని చదవకపోవడం వల్ల జరుగుతున్న నష్టం మాత్రం పూర్తిగానే జరుగుతోంది.

ముందుగా శాస్త్రం మాట. వాదంలో ఓటమికి కారణమయ్యే ఇరవైరెండు నిగ్రహస్థానాలను గౌతముని న్యాయసూత్రాలు లెక్కించాయి. వాటిలో పునరుక్తం ఒకటి. ఇంతవరకు అందరికీ తెలిసినదే. కాని ఆ నిర్వచనంలోనే అనువాదానికి మినహాయింపు ఉంది. ప్రయోజనం కోరి మళ్ళీ చెప్పడం అనువాదం. ప్రయోజనం లేకుండా మళ్ళీ చెప్పడం పునరుక్తం. వేదంలో చెప్పినదే చెప్పడం ఉంది కాబట్టి అది ప్రమాణం కాదన్న పూర్వపక్షానికి గౌతముడు ఇచ్చిన సమాధానం ఈ భేదమే. త్వరగా వెళ్ళమని ఒకరిని పురమాయించేటప్పుడు ఆ మాటనే రెండుసార్లు అనడంలో ఒక అదనపు అర్థం ఉందని సూత్రకారుడే లోకవ్యవహారం నుండి దృష్టాంతం తెచ్చాడు. తెలుగులో ఇప్పుడు 'అనువాదం' అంటే ఒక భాషలోని దానిని మరొక భాషలో చెప్పడం అనే అర్థం స్థిరపడింది. మళ్ళీ చెప్పడమనే అసలు అర్థం మరుగున పడింది. అనువాదకులే పునరుక్తిని ఎక్కువగా కత్తిరించేవారు కావడం ఈ పదచరిత్రలోని వింత.

ఆలంకారికులూ ఇంతకంటె కఠినులు కారు. దండి తన కావ్యాదర్శంలో ఒకే అర్థాన్ని మళ్ళీ చెప్పడాన్ని దోషంగానే పేర్కొన్నాడు. అయితే అనుకంప వంటి భావం మిక్కిలిగా చెప్పదలచినప్పుడు అది దోషం కాకపోగా అలంకారమే అవుతుందని ఆ వెంటనే చెప్పాడు. దోషాల పట్టికను కంఠస్థం చేసినవారు ఈ అపవాదాన్ని ఎక్కడ జారవిడిచారో తెలియదు. యమకం, లాటానుప్రాసం, ముక్తపదగ్రస్తం వంటి వాటిని అలంకారాలుగా బోధిస్తూ, అదే పీరియడులో పునరుక్తిని దోషంగా బోధించడంలోని వైరుధ్యం తరగతి గదుల్లో ఎవరికీ తట్టకపోవడం ఆశ్చర్యం.

పరిపాలనలో ఉన్నవారికి మీమాంసకుల మాట మరింత సన్నిహితంగా తోచవచ్చు. ఒక వాక్యసముదాయం తాత్పర్యాన్ని నిర్ణయించడానికి ఆరు లింగాలను పూర్వులు చెప్పారు: ఉపక్రమోపసంహారాల ఏకత, అభ్యాసం, అపూర్వత, ఫలం, అర్థవాదం, ఉపపత్తి. వీటిలో రెండవదైన అభ్యాసమంటే మళ్ళీ మళ్ళీ చెప్పడమే. ఛాందోగ్యోపనిషత్తు ఆరవ అధ్యాయంలో ఉద్దాలకుడు శ్వేతకేతువుకు ఒకే మహావాక్యాన్ని తొమ్మిదిసార్లు చెబుతాడు. ఆ అధ్యాయానికి అదే తాత్పర్యమని నిరూపించడానికి వేదాంతులు చూపే సాక్ష్యాలలో ఈ తొమ్మిది ఆవృత్తులు ఒకటి. ఆధునిక సంపాదకుని చేతికి ఆ ప్రతి చిక్కి ఉంటే ఎనిమిది పోయి ఒకటి మిగిలేది. దానితోపాటు ఒక ప్రమాణమూ పోయేది. జైమిని మరొక అడుగు ముందుకు వేశాడు. ఒకే విధివాక్యంలోని క్రియ మళ్ళీ వినిపిస్తే, అది వ్యర్థం కాజాలదు గనుక వేరొక కర్మను విధిస్తున్నదని గ్రహించాలన్నాడు. శాసనకర్త మాటలను వృథా చేయడన్న భావనతో చట్టాలను వ్యాఖ్యానించే నేటి న్యాయస్థానాల పద్ధతి దీనికి దూరపు బంధువు కాదు, దగ్గరి చుట్టమే.

తెలుగు వ్యాకరణం సంగతి చెప్పనక్కరలేదు. రెండుసార్లు పలికిన మాటలో రెండవదానికి ఆమ్రేడితమని పేరు పెట్టి, దానికొక సంధినే కేటాయించిన భాష ఇది. చిన్నయసూరి 1858లో ప్రకటించిన బాలవ్యాకరణం చదువుకున్న ప్రతి విద్యార్థికీ ఔరౌర, ఏమేమి అన్న ఉదాహరణలు గుర్తుంటాయి. పగలు రెండుసార్లు పలికితే పట్టపగలు, చివర రెండుసార్లు పలికితే చిట్టచివర, మొదట రెండుసార్లు పలికితే మొట్టమొదట. ఇక్కడ ద్విరుక్తిని తీసివేస్తే శైలి చక్కబడదు, అర్థమే మారిపోతుంది. 'ఇంటికి వెళ్ళి చెప్పారు' అన్నదానికీ 'ఇంటింటికీ వెళ్ళి చెప్పారు' అన్నదానికీ మధ్య ఒక జనాభా లెక్కల శాఖ చేసేటంత పని ఉంది. ఇది ఒక్క తెలుగు లక్షణమూ కాదు. ఎమెనో 1956లో భారతదేశాన్ని ఒకే భాషామండలంగా నిరూపించిన వ్యాసంలో ప్రతిధ్వని పదాలను ఒక ఆధారంగా తీసుకున్నాడు. తెలుగువాడు పులి గిలి అంటాడు, తమిళుడు పులి కిలి అంటాడు, హిందీ మాట్లాడేవారు చాయ్ వాయ్ అంటారు, బెంగాలీలు జల్ టల్ అంటారు. కుటుంబాలు వేరైన భాషలు ఈ ఒక్క అలవాటులో ఏకమయ్యాయి. అన్వితా అబ్బీ 1992లో దక్షిణాసియా భాషల ద్విరుక్తులపై ఒక సంపూర్ణ గ్రంథమే వెలువరించారు. ఉపఖండమంతా మళ్ళీ పలకడంలోనే వ్యాకరణాన్ని నిర్మించుకోగా, ఉపఖండపు విద్యావంతుడు మాత్రం మళ్ళీ పలకడాన్ని అనాగరికమని ఎక్కడో నేర్చుకున్నాడు.

ఆ పాఠం ఎక్కడ నేర్చుకున్నాడో ఊహించడం కష్టం కాదు. కంటితో చదివే అలవాటు చెవితో వినే అలవాటును పక్కకు నెట్టిన తరువాత వచ్చిన రుచి అది. పుటను వెనుకకు తిప్పగలిగిన పాఠకునికి రెండవసారి చెప్పడం విసుగు. వెనుకకు తిప్పడానికి పుటే లేని శ్రోతకు అది ఆధారం. ఈ తేడాను రెండువేల రెండువందల ఏళ్ళకు పూర్వమే ఎరిగిన పాలకుడు ఒకడున్నాడు.

కర్నూలు జిల్లా ఎర్రగుడి వద్ద బండరాళ్ళపై అశోకుని పద్నాలుగు ప్రధాన శిలాశాసనాలూ ఉన్నాయి. వాటిలో చివరిది ఒక విధంగా సంపాదకుని మాట వంటిది. ఈ ధర్మలిపులలో కొన్ని సంక్షిప్తంగా, కొన్ని మధ్యమంగా, కొన్ని విస్తృతంగా వ్రాయించినట్టు రాజు అందులో చెప్పుకున్నాడు. కొన్ని సంగతులను వాటి మాధుర్యం వల్ల మళ్ళీ మళ్ళీ చెప్పినట్టు, జనులు ఆ ప్రకారం నడుచుకోవాలన్నదే అందుకు ఉద్దేశమైనట్టు కూడ తెలిపాడు. ఎక్కడైనా అసంపూర్ణంగా ఉంటే అది స్థలం వల్లనో, మరేదో కారణం వల్లనో, లేఖకుని పొరపాటు వల్లనో కావచ్చునట. పునరుక్తి ఉద్దేశపూర్వకం, లోపం మాత్రం ప్రమాదవశం అని ఒక ప్రభుత్వం తన ఉత్తర్వుపై తానే వ్యాఖ్య వ్రాసుకున్న సందర్భాలు ప్రపంచ చరిత్రలో ఎన్ని ఉంటాయి? 'దేవానాంప్రియుడు' అన్న బిరుదు శాసనం తరువాత శాసనంలో వస్తుంది. అతడు ఇట్లా అంటున్నాడన్న వాక్యమూ వస్తుంది. పారశీక చక్రవర్తి దారయవహుని బెహిస్తూన్ శాసనంలోనూ ప్రతి ఖండికకూ ముందు రాజు ఇట్లా పలుకుతున్నాడన్న మాట ఉంటుందని చరిత్రకారులు పోల్చి చూపారు. అశోకుని ధర్మలిపులను చదివి వినిపించేవాడు ఒకడు, వినేవారు అనేకులు. కొత్త సంగతి మొదలవుతున్నదని, ఇది చదువరి మాట కాదు రాజు మాట అని జనానికి తెలిసేది ఆ ఆవృత్తి వల్లనే.

కంఠస్థ సంప్రదాయంలో ఈ పద్ధతి ఒక ఇంజనీరింగు స్థాయికి చేరింది. వేదాధ్యయనంలో ఘనపాఠం ఎట్లా నడుస్తుందో చూడండి. ఒకటవ పదం రెండవ పదం, రెండవది ఒకటవది, ఒకటవది రెండవది మూడవది, మూడవది రెండవది ఒకటవది, మళ్ళీ ఒకటి రెండు మూడు. ఒక్క అక్షరం జారితే తరువాతి ఆవృత్తి ఆ తప్పును పట్టి ఇస్తుంది. తాళపత్రాన్ని చెద తింటుంది, లేఖకుడు కునుకుతాడు. ఈ గొలుసు మాత్రం తరతరాలుగా నిలిచింది. యునెస్కో 2003లో వేదపఠన సంప్రదాయాన్ని మానవజాతి మౌఖిక వారసత్వంగా ప్రకటించినప్పుడు గౌరవించింది, కొంత భాగం, ఈ పునరుక్తి యంత్రాన్నే.

పాలీ త్రిపిటకం కథ ఇంకా బోధప్రదం. సుత్తాలలో ఒకే వాక్యసముదాయం రూపం మీద, వేదన మీద, సంజ్ఞ మీద, సంస్కారాల మీద, విజ్ఞానం మీద ఐదుసార్లు తిరుగుతుంది. భిక్షువులు గుంపుగా కూర్చుని వల్లించిన వాఙ్మయం అది. తరువాతి కాలపు వ్రాతప్రతులలో లేఖకులు ఈ ఆవృత్తులకు బదులు 'పే' అన్న చిన్న గుర్తు పెట్టారు. పేయ్యాలమన్న మాటకు సంక్షేపం అది. ఆకు పొదుపు కోసం చేసిన ఆ పని తప్పు కాదు. ఆ ప్రతిని చేతబట్టిన భిక్షువుకు మిగతా భాగం నోటికి వచ్చు. 'పే' అన్న గుర్తు కనబడగానే అతడు ఆ భాగాన్ని పూర్తిగా పలికేవాడు. ఆధునిక ముద్రణలలో, అనువాదాలలో ఆ గుర్తు స్థానంలోకి మూడు చుక్కలు వచ్చాయి. ఆ చుక్కలను చూసిన నేటి పాఠకుడు తరువాతి పేరాకు దాటిపోతాడు. 'పే' అన్న గుర్తు పలకమని చెప్పే ఆదేశం. మూడు చుక్కలు దాటమని ఇచ్చే అనుమతి. పైకి రెండూ ఒకే పొదుపు వలె కనిపించినా, ధ్యానం కోసం కూర్చిన గ్రంథం సమాచార గ్రంథంగా మారిపోయింది ఈ మధ్యలోనే. ఐదు స్కంధాలలో ఏదీ తనది కాదని ఐదుసార్లు విడివిడిగా పలకవలసిన సాధకుడు ఒకసారి చదివి 'ఇట్లాగే తక్కినవి' అని ముగిస్తే, అతడికి విషయం తెలుస్తుంది కాని సాధన జరగదు.

తెలుగునాట ఇదే కత్తిరింపు జానపద వీరగాథలకు జరుగుతోంది. ఇది గతకాలపు ముచ్చట కాదు. రెండు తెలుగు రాష్ట్రాలలోనూ గాయకులు వయసు మళ్ళినవారై, వారసులు అరుదై ఉన్న దశలో జరుగుతున్న పని. బుర్రకథలో ప్రధాన కథకునికి ఇరువైపులా ఇద్దరు వంతలు ఉంటారు. అతడు పాడిన చరణం చివరి మాటను వారు అందుకుంటారు, వంత పలుకుతారు, ప్రశ్నిస్తారు. ఒగ్గుకథలోనూ ప్రధాన కథకుని మాటను పక్కవాద్యగాళ్ళు అందుకుని మళ్ళీ పలుకుతారు. ఈ అందుకోవడం వల్ల కథకునికి తరువాతి చరణాన్ని కూర్చుకునే వ్యవధి దొరుకుతుంది. వెనుక వరుసలో కూర్చున్నవాడికి ముందు వినబడనిది వినబడుతుంది. పసిపాపను జోకొడుతూ ఒక మాట తప్పిపోయిన తల్లికి కథ మళ్ళీ చేతికి వస్తుంది. మిల్మన్ పారీ 1933 నుండి 1935 వరకు యుగోస్లావియాలో గాయకుల పాటలు సేకరించి, ఆయన శిష్యుడు ఆల్బర్ట్ లార్డ్ 1960లో ఆ పరిశోధన ఫలితాలను గ్రంథంగా వెలువరించిన తరువాత, హోమరు కావ్యాలలోని పునరుక్త విశేషణాలు కవి బద్ధకానికి గుర్తులన్న మాట పండితలోకంలో చెల్లకుండా పోయింది. అవి ఆశువుగా కథ కూర్చే విధానంలో భాగాలని తేలింది. ఆ ఎరుక ఏర్పడి ఇన్ని దశాబ్దాలు గడచినా, మన సంకలనాల పీఠికలలో 'అనవసర పునరుక్తులను పరిహరించి' అన్న మాట నేటికీ గర్వంగా కనిపిస్తూనే ఉంది. ఏది అనవసరమో నిర్ణయించింది ఎవరు? రాత్రంతా కూర్చుని కథ విన్న ఊరు కాదు. నగరంలో బల్ల ముందు కూర్చుని, రెండు గంటలలో పుటలు సరిచూడవలసి వచ్చిన ఒక వ్యక్తి.

ఈ పరిహారం ఒక ప్రామాణిక ప్రతిని తయారుచేస్తుంది. ఆ ప్రతి పాఠ్యపుస్తకాలకు ఎక్కుతుంది. ఆకాశవాణి కళాకారుడు దానినే చూసి పాడతాడు. చివరకు ఆ గాథను అచ్చులో చదివిన విద్యార్థి, పల్లెలో పాడే వృద్ధుడు 'సాగదీస్తున్నాడని' అంటాడు. కత్తిరించిన రూపం మూలానికి న్యాయనిర్ణేత కావడం ఇది. పుటల వ్యయం భరించలేమన్న సమాధానం సహేతుకంగా కనిపిస్తుంది. కాని అదే పీఠికకు, అభినందన సందేశాలకు, సన్మానచిత్రాలకు పుటలు చాలినప్పుడు వంతకు మాత్రం చాలవనడం సమంజసం కాదు.

కార్యాలయ భాషలో ఈ దోషభయం వేరొక రూపం దాల్చింది. ఆంధ్రప్రదేశ్ అధికార భాషాచట్టం 1966లో వచ్చింది. తెలుగులో ఉత్తర్వులు వ్రాసేవారు అప్పటి నుండి పెరిగారు. వారితోపాటు 'ఒకే మాట మళ్ళీ వాడరాదు' అన్న బడి నియమమూ కార్యాలయంలోకి వచ్చింది. మొదటి పంక్తిలో దరఖాస్తు, మూడవ పంక్తిలో అర్జీ, ఐదవ పంక్తిలో విజ్ఞాపన, చివర వినతిపత్రం. వ్రాసినవారి దృష్టిలో ఇవన్నీ ఒకటే. శైలి కోసం మార్చారు. చదివే రైతు దృష్టిలో ఇవి నాలుగు కాగితాలు. నాలుగింటినీ ఎక్కడ తేవాలని అతడు గుమాస్తాను అడుగుతాడు. ఆంగ్లంలో ఇటువంటి ఆడంబర పర్యాయాలను ఫౌలర్ సోదరులు 1906లోనే ఎగతాళి చేశారు. చట్టాల ముసాయిదా వ్రాసేవారు ఆ ఎగతాళి అక్కరలేకుండానే ఒక వస్తువుకు ఒక మాట, అదే మాట మొదటి నుండి చివరి వరకు అన్న నియమాన్ని పాటిస్తారు. చట్టంలో మాట మారితే అర్థం మారిందని న్యాయస్థానం భావిస్తుంది. ఆజ్ఞాపత్రంలో పునరుక్తి లేకపోవడమే దోషం.

ఇంతవరకు చెప్పినదానికి బలమైన ఆక్షేపణ ఒకటి ఉంది, దానిని దాటవేయడం న్యాయం కాదు. మళ్ళీ మళ్ళీ చెప్పడం అసత్యానికి కూడ అంతే సేవ చేస్తుంది. హాషర్, గోల్డ్‌స్టీన్, టోపినో అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1977లో ప్రకటించిన ప్రయోగంలో, కొన్ని వారాల వ్యవధిలో పదేపదే విన్న వాక్యాలను విద్యార్థులు క్రమంగా ఎక్కువ నిజమని భావించారు. అవి నిజమైనవా కాదా అన్నదానితో సంబంధం లేకుండా. ఇరవయ్యవ శతాబ్దపు నియంతలకు ప్రయోగశాల లేకుండానే ఈ సంగతి తెలుసు. కొద్దిపాటి అంశాలనే ఎన్నుకొని చివరి మనిషికి ఎక్కేవరకు వాటినే చెప్పాలన్నది హిట్లర్ బాహాటంగా వ్రాసుకున్న ప్రచార సూత్రం. అందువల్ల పునరుక్తిని అనుమానించడం వివేకమని కొందరి వాదం.

అనుమానించవలసినది చెప్పిన విషయాన్ని. అబద్ధం పదిసార్లు వినిపిస్తున్నప్పుడు, నిజం ఒకసారి చెబితే చాలునని, రెండవసారి చెప్పడం శైలీదోషమని నిజం తెలిసినవారు మౌనం వహిస్తే ఏమవుతుందో ఆ ప్రయోగమే చెబుతోంది. మార్టిన్ లూథర్ కింగ్ 1963 ఆగస్టు 28న వాషింగ్టన్‌లో చేసిన ప్రసంగంలో లోకానికి గుర్తున్న భాగం, తన స్వప్నాన్ని మళ్ళీ మళ్ళీ ప్రస్తావించిన భాగం, ముందుగా సిద్ధం చేసుకున్న ప్రతిలో లేదు. చర్చి వేదికపై శ్రోతల స్పందనను వింటూ మాట్లాడే సంప్రదాయం నుండి అది ఆ క్షణాన వచ్చింది. ప్రతిలో ఉండి ఉంటే ఏ సలహాదారో సగం కొట్టివేసేవాడేమో. మన దేశంలో పల్స్ పోలియో కార్యక్రమం 1995లో మొదలైంది. నిండు జీవితానికి రెండు చుక్కలన్న నినాదం ఆ తరువాత గోడల మీద, రేడియోలో, రైల్వే స్టేషన్లలో ఏటేటా అదే మాటలతో వచ్చింది. 2014 మార్చి 27న ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆగ్నేయాసియా ప్రాంతానికి పోలియోరహిత ధ్రువపత్రం ఇచ్చింది. ఆ విజయం టీకాది, దానిని మోసుకు తిరిగిన కార్యకర్తలది. అయితే గత సంవత్సరమే చెప్పాము గదా అని ఆ నినాదాన్ని మానివేసి ఉంటే, కొత్తగా పుట్టిన బిడ్డల తల్లులకు చెప్పేవారెవరు?

నిజంగా ఖండించవలసిన పునరుక్తి ఒకటి ఉంది, దానిని ఎవరూ కొట్టివేయరు. సభలో ప్రతి వక్తా వేదికను అలంకరించిన ప్రతి పెద్దపేరునూ మొదటి నుండి చివరి వరకు మళ్ళీ చదవడం అది. ఎనిమిదిమంది వక్తలు, పన్నెండుమంది పెద్దలు. లెక్క ఎవరికి వారే వేసుకోవచ్చు. అక్కడ ఆవృత్తి వల్ల పుట్టే అర్థం లేదు, మరచిపోయిన శ్రోతకు ఊతమూ లేదు. ఒక పేరు తప్పిపోతే కలిగే కోపమొక్కటే దాని ఆధారం. గౌతముని నిర్వచనానికి సరిగ్గా సరిపోయే పునరుక్తం ఇదే. పత్రికలు దీనిని పూర్తిగా అచ్చువేస్తాయి.

చరిత్ర విద్యార్థులు ఈ వాదంలో తమ శాస్త్రపు లోపాన్ని కూడ చూడవలసి ఉంది. దానశాసనాల చివర, దత్తభూమిని అపహరించినవాడికి కలిగే గతిని చెప్పే శ్లోకాలు కొన్ని ఉంటాయి. అరవైవేల సంవత్సరాలు అశుద్ధంలో పురుగై పుడతాడన్న బెదిరింపు వాటిలో ప్రసిద్ధం. గుప్తుల కాలం నుండి విజయనగర కాలం దాకా, ఉత్తరాన దక్షిణాన, తామ్రపత్రం తరువాత తామ్రపత్రంలో ఇవి వస్తాయి. తెలుగు శాసనాలలో వీటికి తోడు వారణాసిలో వేయి కపిల గోవులను చంపిన పాపం వంటి దేశీయ శాపాలు చేరాయి. శాసన సంపుటాలు పరిష్కరించిన పండితులు ఎంతో జాగ్రత్తగా రాజవంశావళిని, గ్రామసీమలను, తిథివార నక్షత్రాలను అక్షరమక్షరం చదివి, ఈ భాగం వచ్చేసరికి పలుచోట్ల 'తరువాత మామూలు శాపశ్లోకాలు' అని ఒక్క ముక్కతో ముగించారు. ఏ శ్లోకం ఏ ప్రాంతంలో ఎక్కువ, ఏ రాజు కచేరీలో ఏ వరుసలో వ్రాసేవారు, సంస్కృత శాపం పక్కన తెలుగు శాపం ఎప్పుడు వచ్చి చేరింది, అది ఎవరిని భయపెట్టడానికి చేరింది - ఈ ప్రశ్నలకు సమాధానం ఆ 'మామూలు' భాగంలోనే ఉంది. ఒక లేఖకుడు ఒక పాదాన్ని మార్చాడా, మరచాడా అన్నది తెలిస్తే కచేరీల మధ్య రాకపోకలు తెలుస్తాయి. రాగిరేకుపై ప్రతి అక్షరానికీ శ్రమ పడిన కంసాలి ఆ శ్లోకాలను వదలలేదు. కాగితంపై వ్రాసిన పండితుడు వదిలాడు.

మూల రేకులు కొన్ని మ్యూజియంలలో ఉన్నాయి, ముద్రలు శాసన శాఖ వద్ద ఉన్నాయి; ఆ భాగాలను మళ్ళీ చదివి చేర్చడం ఇప్పటికీ సాధ్యమే. గాథల విషయంలో ఆ సౌకర్యం లేదు. వంత లేకుండా అచ్చయిన కథకు మూలప్రతి పాడిన మనిషి గొంతు. అది ఆగిన తరువాత తిరిగి సరిచూడడానికి ఏమీ మిగలదు. ధ్వనిముద్రణకు పుటల ఖర్చు లేదు. అకాడమీలు, విశ్వవిద్యాలయాలు చేపట్టే సేకరణలలో వంతలతో, పల్లవులతో, తడబాట్లతో సహా పూర్తి ప్రదర్శనను భద్రపరచడం, అచ్చులో కుదించవలసి వస్తే ఎక్కడ, ఎన్ని ఆవృత్తులు, ఎవరి నోట వచ్చినవి వదిలారో అక్కడే గుర్తు వేయడం ఒప్పందంలోనే షరతుగా చేర్చవచ్చు. ఎర్రగుడి బండపై స్థలం చాలక వదిలినట్లయితే ఆ సంగతి చెప్పడానికి రాజు వెనుకాడలేదు.